వెనకవైపు మూడు పూతలు

కరాసాయ్ ఊళ్లో సైరకాన్ నమ్మే మనిషంటూ లేడు. బజారు తూకాన్ని నమ్మదు, డాక్టరిచ్చే మాత్రనూ నమ్మదు. పార్కులోని సైనికుడి విగ్రహాన్ని మాత్రం పాతికేళ్లుగా కన్నబిడ్డలా చూసుకుంటోంది. ఏటా మే నెలలో యుద్ధ విజయోత్సవానికి ముందు దానికీ, కింది దిమ్మెకూ వెండి రంగు వేయడం ఆమె పని. అంతకుముందు వాళ్లమ్మ పని. పోయేముందు అమ్మ కుంచె చేతికిచ్చి ఒక్కమాటే చెప్పింది: "వెనకవైపు మూడు పూతలు వెయ్యి. అక్కడ చెమ్మ ఎక్కువ."

దిమ్మె ముందువైపు యుద్ధంలో పోయినవాళ్ల పేర్లున్నాయి. సైరకాన్ తండ్రి తుర్దుమాత్ పేరు లేదు. చావు కబురు తెచ్చే నల్ల కాగితం వాళ్లింటికి రాలేదు మరి. కాగితం రాలేదంటే శత్రువుకు లొంగిపోయే ఉంటాడని ఊరు గుసగుసలాడింది. ఆ గుసగుసల మధ్య పెరిగిన పిల్ల ఎవరిని నమ్ముతుంది?

ఈ ఏడు పాత రంగు గీకడానికి పంచాయతీ ఆఫీసువాళ్లు మిర్లాన్ అనే పనివాణ్ణి పంపారు. సైరకాన్ టీ ఫ్లాస్కుతో వచ్చి కాపలా కూర్చుంది.

"ఇత్తడి దొరుకుతుందేమోనని చూస్తున్నావా అబ్బాయ్?"

"ఇది సిమెంటు పెద్దమ్మా. ఎత్తుకుపోతే విరిగేది నా నడుమే."

వెనకవైపు గీకుతూ అతను ఆగాడు. "ఇక్కడేదో పేరుంది. తుర్దుమాత్."

సైరకాన్ ఫ్లాస్కు పక్కన పెట్టి లేచొచ్చింది. "ఎవడు చెక్కమన్నాడ్రా? ఎదురింటి తెమిర్కులేనా, నన్ను నవ్వులపాలు చెయ్యడానికి?"

"నన్నెందుకు తిడతావు? అక్షరాల్లో రంగు ఎలా గడ్డకట్టిందో చూడు. ఇది విగ్రహమంత పాతది."

వంకర అక్షరాలు. మేకుతో గీసినవి, మోకాళ్ల మీద కూర్చున్న మనిషికి అందే ఎత్తులో. ఇది అమ్మ పనే. పాతికేళ్లుగా సైరకాన్ తండ్రి పేరును తన చేత్తోనే కప్పేస్తూ వచ్చిందన్నమాట! ఆమెకు ఏడుపుకన్నా ముందు ఒళ్లు మండింది. "నన్ను కూడా నమ్మలేదటే అమ్మా!"

ఈలోగా తెమిర్కుల్ కర్ర ఆనించుకుంటూ వచ్చాడు. ముందువైపు జాబితాలో మొదటి పేరు వాళ్ల నాన్నదే.

"కాగితం లేని పేరిది, సైరకాన్. సిమెంటు పెట్టి పూడ్పించు."

"నువ్వే పూడ్చు అన్నా. నేను చూస్తుంటా."

ఆయన ఆ గీతల్ని కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఫిర్యాదు చెయ్యడానికి ఆఫీసుకే వెళ్లాడని సైరకాన్ అనుమానం.

మర్నాడే రంగు వేసింది. వెనకవైపు ఒక్క పూతే, పల్చగా, పేరు కనబడేలా. ఉత్సవంనాడు ఊరంతా పూలతో ముందువైపు బారులు తీరింది. సైరకాన్ వెనకవైపు బెంచీ వేసుకుని కూర్చుంది, అటు ఎవరొస్తారో చూస్తూ.