కుంకుమ నిలవని బెల్టు

తాడేపల్లిగూడెంలో నేను కరెంటు పని చూసిన రైస్ మిల్లులో ఒక సేఫ్టీ బెల్టు ఉండేది. కప్పు మీదికి ఎక్కే మనిషి నడుముకి కట్టుకోవాలని కొన్నది. కట్టుకున్నవాడు మాత్రం లేడు. ఏటా దసరాకి మోటార్లతో పాటు దానికీ కుంకుమబొట్టు పెట్టి, మళ్లీ ఆఫీసు గదిలో మేకుకి తగిలించేవారు.

ఒక వానాకాలం కప్పు కారుతోందని భీమడోలు నుంచి వచ్చే పనివాడు పైకెక్కాడు. నానిన సిమెంటు రేకు కాలికింద విరిగింది. కింద గచ్చు మీద పడ్డవాడు ఏలూరు ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

"తలరాతండీ, ఏం చేస్తాం," అన్నారు మిల్లు యజమాని.

నాకు ఒళ్లు మండింది. "తలరాత కాదండీ, పాత రేకు. బెల్టేమో మీ వెనకాల మేకుకే ఉంది," అన్నాను.

బెల్టు లేకుండా ఎవరు పైకెక్కినా మెయిన్ స్విచ్చి ఆపేస్తానని ఆరోజే చెప్పాను. ఉత్తమాట అనుకున్నారు. వారం తిరక్కుండానే ఒకడు బెల్టు లేకుండా ఎక్కాడు, ఆపేశాను. మిల్లంతా నిశ్శబ్దమైపోయేసరికి యజమాని పరుగున వచ్చారు.

"ఏవండీ, మిల్లు నడవద్దా?"

"పైనున్న మనిషి దిగగానే నడుస్తుందండీ."

మనిషి దిగాడు, బెల్టు కట్టుకుని మళ్లీ ఎక్కాడు. తర్వాత నేను మెయిన్ మీద చెయ్యి వేయాల్సిన పని పడలేదు.

ఆ దసరాకి బెల్టు పూజలోకి వచ్చేసరికి, కప్పు మీద వాడీ వాడీ తవుడు దుమ్ము పట్టి ఉంది. పెట్టిన కుంకుమ పెట్టినట్టే రాలిపోయింది. యజమాని తడిగుడ్డ తెమ్మన్నారు.

"తుడవకండి," అన్నాను. "ఇన్నాళ్లకి అది పనిముట్టు అయిందండీ."