కదిలించాకండి, గట్టిపడతాంది

గురురాజారావు సారుకు లోకంలో తెలిసిన ఆజ్ఞ ఒక్కటే: "కదిలించాకండి." ప్రొద్దుటూరు కాలేజీలో ఆయన దగ్గర సిలికా జెల్ మీద పరిశోధన చేస్తున్న ముస్కాన్ ఆ మాట రోజుకు నలభైసార్లు వినేది.

పని అలాంటిది మరి. నీళ్లలాంటి సిలికా ద్రవం గాజుగొట్టంలో మెల్లగా గడ్డకడుతుంటే, దాని గుండా లేజర్ వెలుతురు పంపాలి. ద్రవంగా ఉన్నంతసేపూ ఎదుటి గోడ మీద వెలుగుచుక్కలు మిణుకుతుంటాయి. లోపలి రేణువులు చేయీ చేయీ పట్టుకుని వలలా అల్లుకున్నాక ఆ మిణుకు ఆగిపోతుంది. మధ్యలో బల్ల కదిలిందంటే పని మళ్లీ మొదటికే.

ఈ నియమాన్ని సారు గాజుగొట్టం దగ్గరే ఆపితే బాగుండేది. ఇంట్లో పెరుగు తోడుకుంటుంటే ఫ్యాను కూడా ఆపించేవారు. లేజర్ టార్చి వేసి, తోడుకుందని చూశాక కూడా గిన్నె ముట్టనిచ్చేవారు కాదు.

"మజ్జిగ తాగి పదేండ్లాయ ముస్కాన్. మీ సారు చిలకనిస్తే గదా," అనేది ఆయన భార్య ఇందిరమ్మ.

ఒకసారి పులివెందుల బడిలో ప్రయోగం చూపించి వస్తుంటే, బస్సులో సారు ఒళ్లోని సీసాలో సిలికా ద్రవం గట్టిపడటం మొదలుపెట్టింది.

"గుంతలు జూసి పోనీయప్పా, గట్టిపడతాంది," అన్నారు డ్రైవరుతో.

"ఏంది సార్, పాలకు తోడేసినారా?" అన్నాడు కండక్టరు.

"అట్లాంటిదే. నువ్వు గూడా తిరగాకు, కూచో."

ప్రొద్దుటూరు దాకా కండక్టరు సీటు దిగలేదు. దారిలో ఎక్కినవాళ్లు అదేదో తీర్థమనుకుని, దిగేటప్పుడు సారుకు దండం పెట్టి మరీ పోయారు.

అన్నీ గట్టిపడుతున్నా ముస్కాన్ పని మాత్రం గట్టిపడలేదు. ద్రవం ఏ నిమిషానికి గడ్డకడుతుందో ముందే చెప్పాలన్న ఆమె లెక్క మూడేళ్లలో ఒక్కసారీ కుదరలేదు. మార్చి ఆఖరులోగా ఫలితం చూపకపోతే పరిశోధన సీటు రద్దని నోటీసు వచ్చింది. సారేమో ఒక్కనాడూ "ఎంతవరకొచ్చింది?" అని అడగలేదు. జెల్ మీదున్న ధ్యాసలో పిసరంతైనా తన మీద లేదని ఆమెకు లోలోపల ఉక్రోషం.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం, గోడ మీది చుక్కలు ఆమె లెక్కగట్టిన నిమిషానికే నిలిచిపోయాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఎండాకాలమంతా కూర్చుని రాసిన థీసిస్ ఇవ్వడానికి పోతే, కాలేజీ ఆఫీసులో గుమాస్తా వనజమ్మ ఫైలు తెరిచి నవ్వింది.

"చూడు పాపా, నీ జాతకం."

ఈ అమ్మాయిని తీసేద్దామా అని పైవాళ్లు ఆరుసార్లు రాసిన కాగితాలవి. ఆరింటి కిందా సారు చేతిరాత: "గట్టిపడతాంది. కదిలించాకండి."

ముస్కాన్ నేరుగా సారు ఇంటికి పోయింది. ఆయన పెరుగుగిన్నె ముందు టార్చి పట్టుకుని ఉన్నారు.

"నన్ను ఎవురూ కదిలించకుండా జూసినారు సార్ మీరు. ఈ మేలు బతికినన్నాళ్లూ మర్చిపోను," అంది.

సారు తల ఎత్తలేదు. టార్చి ఆర్పి, గిన్నెను ఇందిరమ్మ వైపు జరిపారు.

"గట్టిపడింది. ఇందిరా, చిలుకు."

మొదటి గ్లాసు ముస్కాన్‌కు ఇస్తూ ఇందిరమ్మ నిట్టూర్చింది.

"ఈ థీసిస్సేందో పోయినేడే ఇచ్చింటే, ఎండాకాలమంతా మజ్జిగ తాగింటి గదమ్మా."