గంప కింద గబ్బిలం

పెళ్లయి పట్నం పాతబస్తీలోని ఛత్రినాక వచ్చాక నేను వీధి ముఖం చూసింది తక్కువ. డెబ్బైల్లో మా అత్తగారింట్లో కొత్త కోడలు మేడ ఎక్కకూడదు. చుట్టుపక్కల వాళ్లు చూస్తారట. చూస్తే నేనేమైనా అరిగిపోతానా? పుట్టింటికి వెళ్లిపోవాలని రోజూ అనుకునేదాన్ని, చీరలు మూట కట్టి మళ్లీ విప్పేదాన్ని.

నాకున్నదల్లా పెరడు. పొద్దున్నే ఊడుస్తుంటే పక్కింటి చింతచెట్టుకు వేలాడే పెద్ద గబ్బిలాలు పడేసిన వేపగింజలు, నమిలి ఉమ్మిన మేడిపళ్ల పిప్పి చీపురుకు తగిలేవి. మా గోడ పగుళ్లలో వేప, మేడి మొలిచింది వాటి చలవే. గల్లీకి ఊరికే చెట్లిచ్చే జీవాలను అందరూ దరిద్రమని తిట్టేవాళ్లు.

అత్తకు మోకాళ్ల నొప్పులు. గబ్బిలం కొవ్వు కాచి రాస్తే తగ్గుతాయని ఎవరో చెప్పారు. పిట్టలు పట్టేవాడు కిషన్‌బాగ్ జామతోటలో వలేసి ఒకదాన్ని తెచ్చాడు. అమావాస్యనాడు కాచిన నూనెకే గుణమట. అందాకా దాన్ని పెరట్లో గంప కింద మూసి, పైన రాయి పెట్టారు. మేపే పని నాది. అరటిపండు పెడుతూ చూస్తే దాని పొట్టను కరుచుకుని చిన్న పిల్ల.

అమావాస్య ముందురోజు అత్త స్నానానికి వెళ్లగానే గంప ఎత్తాను. అది ఎగరలేదు. రెక్కలీడ్చుకుంటూ నేలమీద పాకింది. గోడ ఎక్కబోయి జారింది. అప్పుడు తట్టింది నాకు. ఇవి కొమ్మ మీంచి జారే కదా ఎగిరేది, నేల మీంచి ఎట్లా లేస్తాయి? గోనెసంచిలో చుట్టి, ఎక్కకూడని మెట్లెక్కాను. పిట్టగోడ మీంచి వదిలితే కిందికి జారి, నేల తాకబోతూ లేచి, పిల్లతో సహా చింతచెట్టు చేరింది.

వెనక్కి తిరిగితే తడి చీరతో అత్త. ఆ మోకాళ్లతో ఎట్లా ఎక్కిందో!

"ఎందుకిడిసినవ్?"

"పిల్లుంది అత్తమ్మా."

కొడుతుందనుకున్నాను. నా కడుపు వంక చూసింది.

"నీకు గూడ మూడో నెల గదా. నాకెర్కలేదనుకున్నవా? మీ అమ్మగారింటికి పోతనని మూట గట్టుడు ఇగ బంజెయ్. పిల్లనేసుకొని ఎగరనీకి నువ్వేమన్న గబ్బిలానివా?"

నెల తప్పిన సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. దిగలేక ఆమె గోడ పట్టుకుంది. నేనే వెళ్లి భుజం ఆనించి, ఒక్కో మెట్టూ దింపి, మళ్లీ ఆ ఇంట్లోకి తీసుకెళ్లాను.