ముందే బయల్దేరిన గ్లవ్

మా క్లబ్బుకి పేరుంది, బ్యానరుంది, రబ్బరు స్టాంపు కూడా ఉంది. ఎప్పుడూ లేనిది తొమ్మిదో పిల్ల. సాఫ్ట్‌బాల్ ఆడాలంటే జట్టుకి తొమ్మిదిమంది ఉండాలి. ఎనిమిదిమంది ఎలాగో పోగవుతారు. ఆ తొమ్మిదో పిల్ల కోసం పటమట సందుల్లో, గుణదల కొండ కింద వీధుల్లో, కంకిపాడు వైపు కాలవగట్ల మీద నా స్కూటీ తిరిగినంతగా ఏ పెళ్ళిళ్ళ పేరయ్యా తిరిగి ఉండడు. గేటు దగ్గర నేను బండి ఆపడం చూసి లోపలికి పోయి టీవీ సౌండు పెంచిన తల్లులున్నారు.

చదువుకునే రోజుల్లో నేనూ ఆడాను. తర్వాత బీమా ఆఫీసులో ఉద్యోగం, పెళ్ళి, నడుంనొప్పి అన్నీ వచ్చాయి గానీ ఆట పిచ్చి మాత్రం పోలేదు. పటమటలో ఒక స్కూలు వాళ్ళు పొద్దునపూట గ్రౌండు వాడుకోనిస్తామంటే ఆడపిల్లలకి నేర్పడం మొదలుపెట్టాను. గ్రౌండంటే మొత్తం గ్రౌండు కాదు. నడిమి భాగం క్రికెట్ వాళ్ళది. ఓ పక్కన డ్రైవింగ్ స్కూలు వాళ్ళు కారు రివర్సు నేర్పుతుంటారు. మిగిలిన మూల మాది. కొన్నాళ్ళు మగపిల్లలకి బేస్‌బాల్ కూడా పెట్టాం. వాళ్ళు ఒక్కొక్కళ్ళే క్రికెట్ అకాడమీల్లోకి జారుకున్నాక ఆ బ్యాట్లతో స్కూలు వాచ్‌మన్ కుక్కల్ని అదిలిస్తున్నాడు.

పిల్లల్ని టోర్నమెంట్లకి ఊళ్ళు తిప్పడం మా క్లబ్బు అసలు పని. తల్లిదండ్రులకి పతకం కావాలి. ట్యూషన్ మాత్రం మానకూడదు, ఎండ తగలకూడదు, పిల్ల రంగు తగ్గకూడదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి. ఇవన్నీ నేను భరించగలను. భరించలేనిది జూన్ నెల. మా ఊళ్ళో పది పాసైన పిల్ల జూన్లో ఇంటర్ హాస్టల్లోకి పోతుంది. బెంజ్ సర్కిల్ నుంచి ఏ దిక్కుకి వెళ్ళినా ఆ భవనాలే. కిటికీలకి ఇనపఊచలు, ఊచలకి ఆరేసిన తువ్వాళ్ళు. ఆటస్థలం ఉండదు. ఆరో తరగతి నుంచి నేర్పించిన పిల్ల అక్కణ్ణుంచి బయటికొచ్చేసరికి కళ్ళజోడు వచ్చి ఉంటుంది, మెడనొప్పి వచ్చి ఉంటుంది, బంతి ఎదురుగా వస్తే మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంటుంది. నేను మళ్ళీ చిన్నపిల్లలతో మొదలుపెట్టుకోవాలి. ఇసకలో పిచ్చుకగూళ్ళు కడతావు అంటారు మా ఆయన. ఆయన సరదాకే అంటారు. అది నిజం కాబట్టి నాకు ఒళ్ళు మండుతుంది.

ఇలాంటి బతుకులో ఒక పిల్ల దొరికింది. మేం ఆడే స్కూల్లోనే చదివేది. కంకిపాడు అవతలి పల్లె నుంచి మొదటి బస్సుకి వచ్చేది. పుర్రచేతి పిల్ల. ఎడంచేత్తో ముద్ద కలిపితే వాళ్ళ నాయనమ్మ గరిటె తిరగేసి కొట్టేదట. అన్నం కుడిచేతికి మారింది గానీ బంతి మారలేదు. ఆ పిల్లని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టాను. ఫస్ట్ బేస్ అంటే, ఎక్కడ ఏ బంతి ఆపినా చివరికి అక్కడికే విసరాలి. అక్కడ నిలబడ్డ పిల్ల పట్టిందా, అవతలి అమ్మాయి ఔటు. జారవిడిచిందా, అందరి కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఈ పిల్ల జారవిడిచేది కాదు. కాలు బేస్ మీద ఆనించి, ఒళ్ళంతా సాచి, బంతి తన సొంత సొత్తన్నట్టు లాక్కునేది.

బంతి విసిరే చేతికి కాకుండా రెండో చేతికి గ్లవ్ తొడుక్కుని పట్టాలి కాబట్టి, పుర్రచేతి వాళ్ళకి గ్లవ్ కుడిచేతికి ఉండాలి. అలాంటిది జిల్లా మొత్తంలో లేదు. మీరట్ నుంచి తెప్పించాను. వాళ్ళు మొదట మామూలుదే పంపారు, మేం పొరపాటున రాశామనుకుని. నేను ఫోన్లో వచ్చీరాని హిందీలో పెట్టిన చీవాట్లకి రెండోసారి సరైనది వచ్చింది. ఆ పిల్ల దానికి కొబ్బరినూనె పట్టించి, లోపల బంతి పెట్టి, రిబ్బనుతో కట్టి, దిండుకింద పెట్టుకుని పడుకునేది. కొన్నాళ్ళకి ఆ తోలు ఆ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ ఇమడకుండా తయారైంది.

వాళ్ళ నాన్న కౌలుకి వరి వేస్తాడు, రైసుమిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా కూడా చేస్తాడు. నెమ్మదైన మనిషి. పంచాంగం చూడందే పొలానికి మందు కూడా కొట్టడు. పిల్ల పదిలోకి వచ్చాక ఆయన చేత మాట తీసుకోవడానికి నా చెప్పులరిగిపోయాయి. చివరికి ఒకరోజు వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాడు.

"చూడండి మేడం గారూ, ఈసారి స్టేట్ టీములోకి తీసుకున్నారనుకోండి, ఇక్కడే కంకిపాడు కాలేజీలో ఏత్తాను, ఆడుకోమంటాను. తీసుకోలేదా, జూన్లో హాస్టల్. నన్నింకేం అడగొద్దు."

ఇంతకన్నా న్యాయమైన బేరం నాకు ఏ తండ్రీ ఇవ్వలేదు. ఆ పిల్ల ఆడుతూ ఉంటుందా, ఊచల వెనక్కి పోతుందా అనేది ఒక్క టోర్నమెంటు మీదికి వచ్చింది. ఆ టోర్నమెంటు ఫిబ్రవరిలో, సీమలో ఒక ఊళ్ళో. రాష్ట్ర జట్టుని అక్కడే ఎంపిక చేస్తారు. మా రైలు మంగళవారం పొద్దున.

సోమవారం ఆ పిల్ల ప్రాక్టీసుకి గ్లవ్ లేకుండా వచ్చింది. నేను నోరు చేసుకోబోతే నవ్వింది.

"నాన్న ప్రస్థానం పెట్టాడు మేడం."

ప్రస్థానం నాకు తెలియంది కాదు. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, అంతకుముందే మంచి ఘడియలో మన సామాను ఒకటి పొరుగింట్లో పెట్టి వస్తారు. దాంతో ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. బయల్దేరే రోజున దాన్ని దారిలో తీసుకుని పోవాలి, మళ్ళీ ఇంట్లోకి తేకూడదు. మా అమ్మమ్మ చీరో చెంబో పెట్టేది. ఆయనకి మంగళవారం ప్రయాణం మింగుడుపడలేదు. ఆదివారం మంచి గంట చూసి, గ్లవ్‌ని పసుపు బట్టలో చుట్టి, అక్షింతలు చల్లి, తూర్పు పక్కింట్లో పెట్టి వచ్చాడట.

"ఒక జత బట్టలు పెట్టమనకపోయావా?" అన్నాను.

"అన్నాను మేడం. ఏ పని మీద పోతన్నామో ఆ వస్తువే ముందు కదలాలి అన్నాడు."

ఆ పక్కింటి వాళ్ళు క్రైస్తవులు. అయినా కాదనకుండా ఆ మూటని మేరీమాత పటం కింద బల్లమీద పెట్టుకున్నారట. ఇరుగుపొరుగంటే అలా ఉండాలని నేను మురిసిపోయాను కూడా. ఇల్లలకగానే పండగ కాదని అప్పటికి తోచలేదు.

మంగళవారం పొద్దున స్టేషన్లో పిల్లల్ని లెక్కపెట్టుకుంటుంటే ఫోను మోగింది.

"మేడం, గ్లవ్ లోపలుండిపోయింది. పక్కింటోళ్ళు గుణదల తిరనాళ్ళకి పోయారు. మా ప్రయాణం రేపనుకున్నట్టున్నారు."

"ఫోన్ చెయ్యి వాళ్ళకి."

"చేత్తానే ఉన్నా మేడం. ఎత్తట్లా."

"తాళం పగలగొట్టు."

"పక్కింటోళ్ళ తాళం ఎట్టా పగలగొడతాం మేడం?"

నిజమే, ఎట్టా పగలగొడతాం? ఆ తాళంచెవి కొండమీద ఇసకేస్తే రాలనంత జనంలో, ఎవరో ఆవిడ చేతిసంచిలో ఉంది. గుణదల నేను నిలబడ్డ చోటికి ఎంతో దూరం లేదు. అమెరికాలో ఉన్నా ఒకటే. "మీ నాన్న ఏడీ?" అనడిగాను.

"చీకటితోనే మిల్లుకి పోయాడు. నాన్నకి చెప్పొద్దు మేడం. నేను వచ్చేత్తన్నా."

రైలు కదలబోతుండగా వాళ్ళ మావయ్య బైకు మీద వచ్చి ఎక్కింది. చేతిలో బట్టల సంచి తప్ప ఇంకేం లేదు.

అక్కడికి చేరాక నేను ప్రతి జట్టు దగ్గరికీ వెళ్ళి అడుక్కున్నాను. పుర్రచేతి గ్లవ్ ఉందా తల్లీ, ఉందా నాయనా అని. ఒక్కళ్ళ దగ్గరా లేదు. ఎలా ఉంటుంది? అన్ని ఇళ్ళల్లోనూ నాయనమ్మలున్నారు, అన్ని వంటిళ్ళల్లోనూ గరిటెలున్నాయి.

మా పిల్ల మామూలు గ్లవ్‌నే తిప్పి కుడిచేతికి దూర్చుకుంది. బొటనవేలు ఉండాల్సిన చోట చిటికెనవేలు. మొదటి బంతి పట్టింది. రెండోది అంచుకి తగిలి ఎగిరిపోయింది. తర్వాతది చేతిలో పడి, వేళ్ళ సందుల్లోంచి కిందికి జారింది. నేను పరిగెత్తుకెళ్ళి, అవుట్‌ఫీల్డ్‌కి పోవే, అక్కడైతే బంతులు తక్కువ వస్తాయి అన్నాను. "నన్ను ఫస్ట్ బేస్‌లోనే కదా మేడం చూసేది" అంది. అదీ నిజమే. మధ్యలో గ్లవ్ తీసి పారేసి ఉత్తచేత్తో పట్టింది. పేరుకే సాఫ్ట్‌బాల్, అరచెయ్యి కమిలి వంకాయ రంగుకి తిరిగింది. ఆ చేత్తోనే బ్యాటు పట్టుకుని రెండు మంచి దెబ్బలు కొట్టింది. ఆ దెబ్బలు నేను చూశాను. సెలెక్టర్లు జారిన బంతుల్ని చూశారు.

పేర్లు చదివారు. ఆ పిల్ల పేరు లేదు. నేను వెళ్ళి పోట్లాడాను. నాకు కోపమొస్తే గొంతు ఊరంతా వినిపిస్తుంది. పెద్ద సెలెక్టరు నా మాటలన్నీ విని, అలసిపోయిన మొహంతో, "ఏంటమ్మా, గ్లవ్ పక్కింట్లో ఉందని రాసుకోమంటారా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆ రోజు తప్పు ఎవరిదని ఎన్నిసార్లు వెతికినా నాకు ఒక్క మనిషి దొరకలేదు. దొరికితే బాగుండేది, తిట్టుకునేదాన్ని.

తిరుగు రైల్లో ఆ పిల్ల నా పక్కనే కూర్చుంది. మధ్యాహ్నపు ఎండలో మిరపకళ్ళాలు ఎర్రగా వెనక్కి పోతున్నాయి. మిగతా పిల్లలు అంత్యాక్షరి ఆడుకుంటున్నారు.

"మేడం, గ్లవ్ సంగతి నాన్నకి చెప్పకండి. పక్కింటి ఆంటీకి కూడా చెప్పొద్దని ఫోన్లో చెప్పాను. అమ్మ చెప్పదు."

"ఎందుకు చెప్పకూడదే? జరిగింది ఇదీ అని చెప్తే ఇంకో అవకాశం ఇస్తాడేమో. మంచాయనే కదా మీ నాన్న."

"ఇత్తాడు మేడం" అంది. కాసేపు కమిలిన అరచేతిని చూసుకుంది. "నన్ను ఆడుకోమంటాడు. కానీ తన చేతుల్తోనే పోగొట్టానని జన్మంతా కుమిలిపోతాడు. పోయినేడు చేను మునిగితే పది రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఒట్టెయ్యండి మేడం."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఈ వయసు పిల్లలకి అంత అర్థం చేసుకోవాల్సిన అవసరం ఏముంది? మొండికేసి, తలుపులు దబదబ వేసి, నీ మూలంగానే అని తండ్రిని సాధించాల్సిన వయసు. చేతిలో చెయ్యేశాను.

పరీక్షలైపోయాక, ఊరుకోలేక, వాళ్ళింటికి వెళ్ళాను. ఏం అడుగుదామని వెళ్ళానో నాకే తెలియదు. ఆయన కుర్చీ దులిపి వేశాడు. మజ్జిగ తాగుతారా, టీ తాగుతారా అన్నాడు. పిల్ల లోపలికెళ్ళి టీ పెడుతోంది. తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. హాస్టల్‌కి బకెట్టు, ట్రంకుపెట్టె అప్పటికే కొనేశారు.

"ఇంకొక్కసారి ఆలోచించండి" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు, పాపం, నన్ను ఓదారుస్తున్నట్టు.

"ప్రస్థానం పెట్టి మరీ పంపానండి. మంగళవారం దోషం కూడా తగలకుండా చూశాను. దానికన్నా ముందు దాని గ్లవ్వే బయల్దేరింది. మనిషి చెయ్యగలిగింది ఇంతకన్నా ఏవుంటదండీ? అంత చేసినా రాలేదంటే, ఆ ఆట దానికి రాసిపెట్టి లేదు."

జవాబు నా నాలుక చివరే ఉంది. ఒక్క వాక్యం. అంటే చాలు, ఆ ట్రంకుపెట్టె తిరిగి షాపుకి పోతుంది. తల్లి కాలి బొటనవేలు చూసుకుంటోంది. గోడ అవతల పక్కింటావిడ బట్టలారేస్తున్నదల్లా ఆగిపోయింది. అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది ఆయనొక్కడికే.

"హాస్టలంటే ఏడ్చుద్దేమోనని నేను భయపడ్డానండి" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "ఒక్క మాట అనలా. 'సరే నాన్నా' అని ఊరుకుంది. చూత్తంటే దానిక్కూడా ఆటంటే అంత ఇష్టం లేనట్టుంది. అంతేనంటారా?"

వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగింది. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు, నేను అవునంటే గుండెల మీద బరువు దింపుకుందామని.

"అంతేనండీ" అన్నాను. "అంత ఇష్టమేం లేదు."