నక్షత్రం చుట్టూ మసక

కరీంనగర్ కమాన్ దగ్గర హనుమండ్లు సేటు ఫొటో స్టూడియోలో లక్ష్మీరాజం పని ముఖాలు బాగుచేయడం. కెమెరా ముట్టుకునేవాడు కాదు. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, దాని కింద అద్దం. అద్దం మీద పడ్డ ఎండ నెగటివ్ గుండా పైకి వచ్చేది. ఆ వెలుగులో గాటు, ముడత, మచ్చ ఏది కనబడినా సన్నగా చెక్కిన పెన్సిల్‌తో పూడ్చేవాడు. నెగటివ్ మీద నల్లటి మరక పడితే చిన్న చాకుతో గీకేవాడు. పెన్సిల్ పని తుడిస్తే పోతుంది. చాకు పని పోదు. అందుకని చాకు తక్కువగా తీసేవాడు.

అప్పట్లో జిల్లాలో చాలా ముఖాల మీద అమ్మవారు పోసిన మచ్చలుండేవి. సంబంధానికి ఫొటో పంపాలంటే ముందు అతని బల్ల మీదికి రావాల్సిందే. 1955లో శంకరవ్వ కూడా అలాగే తల్లి ఐలవ్వతో గంగాధర నుంచి వచ్చింది. ఫొటో దిగి లేస్తూ, "మచ్చ ఒక్కటి కనబడద్దు, జర మంచిగ తీసెయ్యి" అంది. తీసేశాడు. ఆ ఫొటో చూసి వచ్చినవాళ్లు పిల్లను చూసి తిరిగిపోయారు. కొన్నాళ్లకు లక్ష్మీరాజమే అడిగి చేసుకున్నాడు. "దొంగ ముఖం జేసినోడే కట్టుకున్నడు" అని కమాన్ దగ్గర నవ్వుకున్నారు.

1964లో శంకరవ్వ పచ్చకామెర్లతో చనిపోయింది. పిల్లలు లేరు. దినాలు అయిన మర్నాడు లక్ష్మీరాజం బల్ల దగ్గర కూర్చున్నాడు. ఏడవలేదు. ఎవరైనా మాట్లాడిస్తే మాట్లాడేవాడు. అన్నం తిన్నావా అంటే కాసేపు ఆలోచించి చెప్పేవాడు.

ఏడాది మాసికం దగ్గరపడ్డప్పుడు ఐలవ్వ వచ్చింది. బిడ్డ ఫొటో గోడకు పెట్టుకోవాలంది. ఉన్నది ఆ ఒక్క నెగటివే. పెద్దది చేసి ఇచ్చాడు.

"గిదెవలు?"

"శంకరవ్వనే అత్తా."

"నా బిడ్డ గిట్ల లేకుండె. ముక్కు మీది మచ్చ ఏది? చెంప మీదియి ఏయి? గిది గోడకు పెట్టి నేను ఎవలికి దండం వెట్టాలె?"

"ఆమెనే తీసెయ్యమన్నది. నీ ముంగటనే అన్నది గదా."

"లగ్గం కావాలె గనుక అన్నది. ఇప్పుడేం లగ్గం?"

"ఆమెకు మాటిచ్చిన అత్తా. మచ్చలు మళ్ల తేను."

ఐలవ్వ ఫొటోను బల్ల మీద బోర్లా పెట్టింది. "మాసికం దాక సూస్త. లేకుంటే ఉత్త గోడకే దండం వెడ్త" అని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే మిషన్ బడిలో సైన్సు చెప్పే సామ్యూల్ సారు ఒక గాజు నెగటివ్ తెచ్చి సేటు చేతిలో పెట్టాడు. హైదరాబాదులో నక్షత్రాలను ఫొటో తీసే చోట అతని స్నేహితుడు పనిచేస్తాడు. బడిలో ప్రదర్శన కోసం దీన్ని అతన్ని అడిగి తెచ్చుకున్నాడు. పెద్దది చేసివ్వాలి.

"చుక్కలట. సాఫ్‌గ రావాలె" అని సేటు దాన్ని లక్ష్మీరాజానికి ఇచ్చాడు.

నెగటివ్‌లో నక్షత్రాలు నల్లటి చుక్కల్లా ఉన్నాయి. నడుమ ఒక చుక్క చుట్టూ బూడిదరంగు మసక, ఒక పక్క చినిగిన బుడగలాగా. మిగతా చుక్కల చుట్టూ ఏమీ లేదు. సరిగ్గా కడగకపోతే గాజు మీద మందు మరక అలాగే మిగులుతుంది. లక్ష్మీరాజం చాకు తీశాడు. సాయంత్రానికి చుక్క శుభ్రంగా తేలింది.

మర్నాడు సారు అచ్చు ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నడుమ మసక ఉండాలె గదా, రాజం?"

"ఉండె సారూ. మరక. తీసేసిన."

సారు స్టూలు మీద కూలబడ్డాడు. కోపం తెచ్చుకోలేదు. పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"గీ జాతి నక్షత్రాలు శాన తక్కువ. సూర్యుడికన్న ఎన్నో రెట్లు బరువు, ఎన్నో రెట్లు వేడి. గా వేడికి తన ఒళ్లు తనే ఆపుకోలేదు. పై పొరలన్ని గాలి లెక్క ఇసిరేసుకుంటది. చుట్టూ ఉన్న వాయువును గా గాలే బుడగ లెక్క నెట్టింది. గదంత నక్షత్రం చేసుకున్నదే, ఎవలో అంటిచ్చిన మరక గాదు. గది పిల్లలకు సూపెడ్దామనే తెచ్చిన. ఇప్పుడు గీ చుక్కకు, పక్క చుక్కకు ఫరక్ ఏమున్నది?"

"మళ్ల రాదా సారూ?"

"చాకు వెట్టింది నువ్వు. నువ్వే చెప్పాలె."

లక్ష్మీరాజం గాజును వెలుగుకు పట్టి చూశాడు. "రాదు" అన్నాడు.

సేటు అరిచాడు. "చుక్క గూడ పెండ్లిపిల్లే అనుకున్నవా రా? నీ చేతికేది ఇచ్చినా నున్నగ జేసుడేనా!"

సారు గాజును కాగితంలో చుట్టుకున్నాడు. "పోనీ సేటూ. హైదరాబాద్ పోయి నేనే చెప్పుకుంట" అని లేచాడు.

సారు వెళ్లాక లక్ష్మీరాజం డబ్బాలోంచి శంకరవ్వ నెగటివ్ తీశాడు. దీని మీద చాకు పెట్టలేదు. అంతా పెన్సిలే. దూదిని టర్పెంటైన్‌లో ముంచి ఒకసారి తుడిచాడు. ముక్కు మీది మచ్చ వచ్చింది. చెంపల మీదివి వచ్చాయి. పై పెదవి పక్కన ఇంకొకటి వచ్చింది. అది ఉందన్న సంగతే అతను మరిచిపోయాడు. అచ్చు వేసి, కడిగి, తీగకు ఆరేశాడు.

మాసికానికి ముందురోజు ఐలవ్వ వచ్చింది. ఫొటో చేతికిస్తే ముక్కు మీద వేలు పెట్టింది. చెంప మీద పెట్టింది. పెదవి పక్కన పెట్టి ఆగింది.

"ఆఁ, గిప్పుడచ్చింది నా బిడ్డ" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది. "నువ్వు ఏడుస్తలేవేంది, అల్లుడా?"

"వస్తలేదు అత్తా."

ఐలవ్వ ఫొటోను పాత చీరముక్కలో చుట్టుకుని బస్సుకు వెళ్లింది.

లక్ష్మీరాజం బల్ల దగ్గరికి వచ్చాడు. జగిత్యాల పిల్ల నెగటివ్ ఒకటి తగిలించి ఉంది. సంబంధానికి పంపాల్సింది. పిల్ల తల్లి గడప దగ్గర కూర్చుని ఉంది.

"ఒక్కటి గూడ కనబడద్దు, కొడుకా" అంది.

అతను పెన్సిల్ చెక్కుకున్నాడు.