గుండప్ప గోడ ముందు దొడ్డన్న బండి

ఎనభై ఆరులో, వరసగా రెండో ఏడు కూడా వేరుశనగ ఎండిపోయింది. పావగడ అంచు చేలలో జనం విత్తనం మాని ఇళ్ళ సైట్ల రాళ్ళు పాతడం మొదలుపెట్టారు. గుండప్ప తన ఆరెకరాలకు ఒకే ఒక్క సన్నటి వీధి తీశాడు. రోడ్డు దగ్గర మొదలై చేను చివర ఆగిపోతుంది. పక్క లేఅవుట్ వాళ్ళు తన వీధి తొక్కకూడదని చివర రాతిగోడ కట్టాడు. తాతలనాటి బండిదోవ సరిగ్గా ఆ గోడ కింద పడింది.

ఊరికి అది గోడ. క్వారీ బండలు తోలి బతికే దొడ్డన్నకు అది రెండు మైళ్ళ చుట్టు. మేత లేని ఏడాది, ఎద్దులు ఎముకల గూళ్ళయ్యాయి.

"వారం సంతకు తోలుకొనిపో. ఈడుంటే సచ్చిపోతాయి" అంది భార్య ఈరక్క.

"కరువులో సంతకొచ్చి కొనేది రైతులు కాదే" అని దొడ్డన్న లేచిపోయాడు.

గోడ తీయమని గుండప్పను మూడుసార్లు అడిగాడు. "నా చేను, నా గోడ. నీకేంది నొప్పి?" అదే జవాబు.

గురువారం గుండప్పే కబురు పెట్టాడు. వీధి చివరున్న తన ఇంటిమీద గది వేస్తున్నాడు, కప్పు బండలు కావాలి. లోపల బండి తిప్పుకునే చోటు లేక దొడ్డన్న ఎప్పుడూ వీధి మొదట్లోనే దించేసేవాడు. ఈసారి గోడదాకా తోలాడు. బండి గుండప్ప గేటుకు అడ్డంగా నిలిచింది. లోపల జీపు. దొడ్డన్న తాపీగా ఎద్దులను విప్పాడు.

"రేయ్, బండి వెనక్కి తియ్!" అని గుండప్ప అరిచాడు.

"ఎద్దు వెనక్కి నడిచేది యాడన్నా చూసినావాప్పా?"

"బండలు దించి చేత్తో తోయండ్రా!"

"దించేటోళ్ళు గోడకవతల ఉండారు. పిలుచుకో."

గోడమీద తలలు లేచాయి. బండలు దించే మారన్న, అతని జట్టు. "వస్తాంలే గుండప్పా! రెండు మైళ్ళు తిరిగి రావల్ల గదా, రేపటికి అందుకుంటాం!"

దొడ్డన్న ఎద్దులను తోలుకుని ఇంటికి పోయాడు. శుక్రవారం గుండప్ప తెల్లపంచె ఎత్తిపట్టుకుని బస్టాండుకు నడిచాడు. "ఏమప్పా, జీపును మేతకు తోలినావా?" అని టీ అంగడి ఘొల్లుమంది.

శనివారం పొద్దున అతనే దొడ్డన్న ఇంటికొచ్చాడు. "బండి తీస్తావా, లేదా?"

"తీస్తా. ముందుకే తీస్తా."

గుండప్ప పళ్ళు కొరికాడు. "పో, పడగొట్టుకో."

ఇవతల గడ్డపార ఎత్తకముందే అవతల మారన్న దెబ్బ పడింది. "ఒక బండికి చాలదప్పో! రెండు బండ్లు ఎదురుపడేంత తీయండి!" అని ఈరక్క కేకేసింది. మారన్న జట్టు ఆ సందులోంచే వచ్చి బండలు దించింది. దొడ్డన్న ఎద్దులను తోలుకొచ్చి కాడి ఎత్తాడు. ముల్లుకర్ర ఆడించే పనే లేదు, ఎద్దులు తమ పాత దోవను గుర్తుపట్టి గంటలు మోగిస్తూ సాగిపోయాయి. రెండు లేఅవుట్ల జనం ఈలలేశారు.

తర్వాత పదేళ్ళలో ఊరు నాలుగువైపులా పాకింది. ఎవరు సైట్లు వేసినా, రాళ్ళు పాతేముందు దొడ్డన్నను పిలిచి ఖాళీ బండి తోలించేవాళ్ళు. ఒక కొసన దూరి ఇంకో కొసన బయటపడాలి, అప్పుడే అది వీధి. మొట్టమొదట, తన ఇంకో చేను సైట్లు వేస్తూ, పిలిచింది గుండప్పే. సంత మొహం చూడని ఆ ఎద్దులే ఆ రోజు బండి లాగాయి.