మగ్గం గుంటలో విమానం

నరహరి అయివారికి విమానాల పిచ్చి ఉందని ఎమ్మిగనూరులో అందరికంటే ముందు కనిపెట్టినవాడు పక్కింటి నేతగాడు మహానంది. పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో, ఎండాకాలం సెలవులు కాగానే, నరహరి తన భార్య సుశీలను వెంటబెట్టుకుని ఆదోని నుంచి ఆ ఊరి బడికి బదిలీ మీద వచ్చాడు. ఎద్దులబండి మీంచి సామాను దించుతుంటే మహానంది వచ్చి చెయ్యి వేశాడు. ఒక రేకుపెట్టె మూత ఊడిపోయి, జొన్నబెండుతో చేసిన బొమ్మ విమానాలు నేలమీద పడ్డాయి.

"ఏమప్పా అయివారూ, ఇంట్లో పసిపిల్లోల్లు ఉండారా?" అని అడిగాడు మహానంది, ఒకదాన్ని ఏరి దుమ్ము ఊదుతూ.

"లేరన్నా. అవి నావే" అన్నాడు నరహరి సిగ్గుపడుతూ.

"మాకు పిల్లలు లేరు, బొమ్మలున్నాయి" అని సుశీల గుమ్మంలోంచి అనేసింది. అన్నాక తనకే నొప్పి తగిలినట్టయి లోపలికి వెళ్లిపోయింది.

నరహరికి అప్పటికి ముప్పై దాటాయి. తండ్రి మంత్రాలయం మఠంలో పూజకు పూలూ తులసీ సమకూర్చేవాడు. కొడుకు కూడా ఆ సేవలోనే కుదురుకుంటే చాలనుకున్నాడు. కొడుకేమో ఎవరికీ చెప్పకుండా రైలెక్కి, ఎయిర్‌ఫోర్స్‌లో చేరతానని బెంగళూరు పోయాడు. అక్కడ కళ్లద్దాలు తీసి గోడమీది అక్షరాలు చదవమన్నారు. నరహరికి గోడే సరిగా కనిపించలేదు. సాయంత్రం బండికే తిరిగొచ్చాడు. తర్వాత టీచరు ట్రైనింగు, ఉద్యోగం, పెళ్లి, అన్నీ వరసగా జరిగిపోయాయి గానీ, ఆకాశంలో చప్పుడు వినిపిస్తే చేతిలో సుద్దముక్కతోనే బయటికి పరుగెత్తే అలవాటు మాత్రం పోలేదు.

ఆదోని బజారులో పాత కాగితాలు అమ్మే శేషన్న, విమానం బొమ్మ ఏ పత్రికలో కనబడినా చింపి నరహరి కోసం దాచేవాడు. అలా చేరిన బొమ్మలు కొత్త ఇంటి గోడంతా పరుచుకున్నాయి. రైట్ సోదరులు ఎగిరిన రెండంతస్తుల రెక్కల విమానం, రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద కాపలా తిరిగిన స్పిట్‌ఫైర్, సరుకులు మోసిన డకోటా, మన దేశంలోనే తయారైన పుష్పక్. సుశీల దేవుడి పటాలకు మేకులు కొట్టడానికి ఖాళీ కోసం వెతుక్కోవలసి వచ్చింది.

ఒక ఆదివారం మహానంది ఆ గోడ ముందు నిలబడి పుష్పక్ బొమ్మను వేలితో తాకాడు.

"ఈ రెక్క ఇనుమా, అల్యూమినియమా?"

"గుడ్డ" అన్నాడు నరహరి.

"నన్ను ఆట పట్టిస్తాండావు."

"ఒట్టు. పాత విమానాలు శానావాటికి కట్టెచట్రం మీద గుడ్డే. గుడ్డ బిగించి, మీరు పడుగుకు గంజి పెట్టినట్టు పైన ఒక మందు పూస్తారు. ఆరితే బిర్రుగా లాక్కుంటుంది."

మహానంది ఆ బొమ్మ రెక్కను మళ్లీ వేలితో తడిమాడు. తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో పంచెలూ చీరలూ నేశారు, కట్టుకున్నవాళ్లు నేలమీద నడిచారు. నేసిన గుడ్డ మనిషిని మోసుకుని మబ్బుల్లోకి పోతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

"అట్లయితే ఇది మా కులం బండేనప్పా" అన్నాడు చివరికి.

ఆనాటి నుంచి ఇద్దరికీ జత కుదిరింది. నేలమీదే ఉండి విమానం నడపడం నేర్పే యంత్రం ఒకటుందని నరహరి ఎప్పుడో చదివాడు. చెక్కపెట్టెలాంటి దాంట్లో కూర్చోబెడితే అది అటూ ఇటూ ఒరుగుతుందట, పైకెత్తుతుందట, దించుతుందట. పైలట్లు ముందు దాంట్లోనే తప్పులు చేసి, ఆ తర్వాత అసలు విమానం ఎక్కుతారట. ఈ మాట వినగానే మహానంది అతణ్ణి తన ఇంటి వెనక కొట్టంలోకి తీసుకుపోయాడు. అక్కడ వాడకం లేని పాత గుంట మగ్గం ఉంది. నేతగాడు నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వేసుకుని కూర్చుంటాడు, పాదాల కింద రెండు తొక్కుడు చెక్కలుంటాయి.

"కాళ్లతో తొక్కేది ఉండాదా మీ విమానంలో?"

"ఉంది. అట్లా తొక్కితేనే తోక తిరిగేది."

"ఇంకేమి మరి!"

ఆరు నెలలు పట్టింది. పాత జీపు స్ప్రింగు మీద చేతుల కుర్చీ నిలబెట్టారు. ముందర ఒక కట్టెపిడి. దాన్ని లాగితే తాళ్లు బిగిసి కుర్చీ వెనక్కి వాలేది, తోస్తే ముందుకు వంగేది. చెక్కలు తొక్కితే పక్కకు తిరిగేది. ఎదురుగా నేల కనబడాలి కదా! మహానంది పొడవాటి తెల్లగుడ్డ నేశాడు. నరహరి సెలవులన్నీ దాని మీద కూర్చుని ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా బొమ్మ వేశాడు. నల్లరేగడి చేలు, పత్తిమిల్లుల పొగగొట్టాలు, రైలుపట్టాలు, ఆదోని కోటకొండ. ఆ గుడ్డను మగ్గం దుంగలకు చుట్టారు. ఒకరు దుంగ తిప్పుతుంటే కుర్చీలో ఉన్నవాళ్ల ముందు నుంచి ఊళ్లు జరిగిపోయేవి.

ఆదివారాలు ఆ కొట్టం ముందు జనం చేరేవారు. మహానంది భార్య తిమ్మక్క మొదట ఎక్కింది. కొంగు నడుముకు దోపుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, "సామీ, మెల్లగ, మెల్లగ! పుట్టింటికి పోయేటప్పుడు గూడా నేనింత బిరీన పోలేదు" అని కేక పెడితే వీధంతా నవ్వింది. వీధి చివరి ముసలమ్మ హులిగెమ్మ రోజూ వచ్చి మంత్రాలయం పోనిమ్మని అడిగేది. గుడ్డమీద మంత్రాలయం లేదని చెబితే, "రాయలేవా, అయివారివి గదా?" అని కోప్పడేది. నరహరి ఆమె కోసం మరో మూర గుడ్డ కలిపి తుంగభద్రనూ మఠం గోపురాన్నీ వేశాడు.

ఎక్కనిది సుశీల ఒక్కతే. ఆమెకు ఆ యంత్రమంటే కోపమని అందరూ అనుకున్నారు. కోపం యంత్రం మీద కాదు. వారమంతా బడి, ఆదివారమంతా కొట్టం. భర్త ఎదురుగా కూర్చుని మాట్లాడిన పూట ఏదో ఆమెకు గుర్తు రావడం లేదు.

"భూమ్మీద కూర్చొని భూమ్మీదికి దిగేదానికి ఇంత అవస్థ ఎందుకండీ?" అని ఒకరోజు అడిగింది.

నరహరి "ఒకసారి కూర్చో, తెలుస్తుంది" అన్నాడు.

"నాకు వంటిల్లు ఉంది కూర్చునేదానికి" అంది.

ఇట్లా ఏళ్లు గడిచాయి. ఎనభై మూడులో, చలికాలం మొదట్లో, బళ్ళారి విమాన మైదానానికి ఏదో ఫ్లయింగ్ క్లబ్బు వాళ్లు వస్తున్నారనీ, టికెట్టు కొన్నవాళ్లను కాసేపు ఆకాశంలో తిప్పి దించుతారనీ తెలిసింది. నరహరి తనకూ మహానందికీ టికెట్లు తెప్పించాడు. ఆ వారమంతా అతనికి అన్నం సయించలేదు. తిమ్మక్క పులిహోర కట్టిస్తానంది, సుశీల తానే కట్టింది. చూసి వస్తానని ఆమె కూడా బస్సెక్కింది.

మైదానంలో రెండు విమానాలున్నాయి. జనాన్ని ఎక్కించుకునేది నాలుగు సీట్ల రేకు విమానం. దాని పక్కన, ఎండకు మెరుస్తూ, ఒక పుష్పక్. మహానంది తిన్నగా దాని దగ్గరికి పోయి, కావలివాణ్ణి బతిమాలుకుని, రెక్కమీద చెయ్యి పెట్టాడు. వేళ్లతో మెల్లగా కొట్టాడు. డప్పులాగా మోగింది. అతని కళ్లు నిండిపోయాయి.

"నాకు ఇంక సాలప్పా" అన్నాడు వెనక్కి వచ్చి. "నేను ఎక్కను. సుశీలమ్మా, నా టికెట్టు మీద నువ్వు పోయి రా."

"నేనెందుకన్నా? నాకేమి తెలుసని?"

"తెలిసినోల్లనే ఎక్కనిస్తామని యాడా రాయలేదు. పో తల్లీ."

సుశీల భర్త ముఖం చూసింది. అతను అప్పటికే మాట వినే స్థితిలో లేడు. ముందుసీట్లో పైలట్ పక్కన నరహరి, వెనక సుశీలా, ఒక పత్తి వ్యాపారీ కూర్చున్నారు. తలుపులు పడ్డాయి. విమానం పరుగెత్తింది.

చక్రాలు నేలను వదిలిన క్షణం నరహరి కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. కొట్టంలో కుర్చీ ఎంత ఊగినా కింద మట్టి ఉందని ఒళ్లు ఎరుగును. ఇక్కడ కింద ఏమీ లేదు. విమానం ఒక రెక్క మీదికి ఒరిగింది. నరహరి రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరవాలనుకున్నాడు. ఇన్నేళ్లు దీనికోసమే కదా అని తన్ను తాను తిట్టుకున్నాడు. రెప్పలు మాట వినలేదు.

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతని భుజం మీద నిలిచింది. సుశీల ముందుకు వంగి, ఇంజను హోరులో వినబడేట్టు చెవి దగ్గర గట్టిగా చెప్పసాగింది.

"కొండ వచ్చింది. కొండ మీద కోట. గోడలు సన్నగా, పిండితో ముగ్గు పెట్టినట్టున్నాయి... ఇప్పుడు చెరువు. అబ్బ, ఎండ పడి అద్దం మాదిరి కొడుతోంది... మడులు వచ్చినాయి, ఒకటి పచ్చన, ఒకటి ఎర్రన... రైలు పోతోందండీ! రైలే కదల్లేనట్టు ఉంది!"

ఆమె గొంతులో అంత సంతోషం నరహరి పెళ్లయ్యాక వినలేదు. కళ్లు మూసుకునే విన్నాడు. చక్రాలు నేలను తాకి దడదడమన్నాక తెరిచాడు.

మహానంది ఎదురు పరుగెత్తుకొచ్చాడు. "ఏమి సూసినావప్పా? సెప్పు, సెప్పు!"

సుశీల తడుముకోలేదు. "కొండ, కోట, చెరువు, అన్నీ చూసినాం అన్నా."

నరహరి కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "ఈమె చూసింది మహానందన్నా. నేను కండ్లు తెరవలేదు. భయపడినాను."

మహానంది అతని చెయ్యి పట్టుకున్నాడు. "నేను భయపడే గదప్పా ఎక్కనిది" అన్నాడు. "నువ్వు నాకంటే శానా పైకి పోయినోడివే." ముగ్గురూ మైదానం అంచున కూర్చుని పులిహోర పొట్లం విప్పారు. నరహరి ముట్టలేదు.

ఊరికి వచ్చాక రెండు మూడు వారాలు అతను కొట్టం వైపు పోలేదు. బడిలో పిల్లలు ఏం చూశారు సార్ అని అడిగితే, "మా ఇంటావిడను అడగండి" అనేవాడు. గోడమీది బొమ్మలు తీసేద్దామని ఒక సాయంత్రం స్టూలు కూడా వేశాడు. సుశీల ఆ స్టూలు లాగేసింది.

"అవి ఉండనీండి. ముందు నాతో రండి" అని కొట్టంలోకి నడిచింది. గుడ్డను పూర్తిగా విప్పి నేలమీద పరిచింది. మహానంది, తిమ్మక్క కూడా వచ్చి నిలబడ్డారు.

"ఇదంతా తప్పండీ" అంది. "ఇండ్లకు తలుపులెందుకు రాసినారు? పైనుంచి తలుపు కనబడదు. మిద్దె ఒకటే కనబడుతుంది, ఎండేసిన మిరపకాయలతో సహా. చెట్టుకు మాను కనబడదు, ఉండలాగా ఉంటుంది, పక్కన దాని నీడ. బాట తెల్లగా ఉంటుంది. మనిషి కనబడనే కనబడడు, మనిషి నీడ కనబడుతుంది."

నరహరి మోకాళ్ల మీద కూర్చుని తాను వేసిన బొమ్మలను చూశాడు. ఇన్నేళ్లూ బాటమీద నిలబడి చూసిన ఊరినే అతను గుడ్డమీద పడుకోబెట్టాడు. నవ్వొచ్చింది. బళ్ళారి నుంచి వచ్చాక అది మొదటి నవ్వు.

"మరి నువ్వు రాస్తావా?" అన్నాడు.

"గుడ్డ ఏదీ?"

"నేస్తా తల్లీ, రేపే పడుగు ఎక్కిస్తా" అన్నాడు మహానంది.

ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు సుశీల కొత్తగుడ్డ మీద, ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా అదే దారిని బళ్ళారిలో పైనుంచి చూసిన తీరులో బొమ్మ వేసింది. ఎక్కడైనా అనుమానం వస్తే చెయ్యి ఆపి కళ్లు మూసుకుని గుర్తు చేసుకునేది. రంగులు కలిపి ఇచ్చేది నరహరి. చెరువు ఎంత దూరాన కనబడింది, రైలు ఎటు పోయింది అని అడుగుతూ ఉండేవాడు. ఆమె చెబుతూ ఉండేది. ఆ మాటల్లోనే ఇంకేవో మాటలు కూడా దొర్లేవి. పెళ్లయిన కొత్తలో పుట్టి, వెంటనే చనిపోయిన తమ బిడ్డ గురించి వాళ్లు తొలిసారి ఏడవకుండా మాట్లాడుకున్నది ఆ కొట్టంలోనే.

గుడ్డ పూర్తయ్యాక కుర్చీలో మొదట సుశీలే కూర్చుంది. తొక్కుడు చెక్కలు ఆమెకు తొందరగా అలవాటయ్యాయి. నరహరి దుంగ దగ్గర నిలబడ్డాడు. కూర్చోమని ఆమె ఒకసారి అడిగింది, రెండోసారి అడగలేదు. తిప్పే పనిలో అతనికి ఒక హాయి దొరికింది. ఎక్కినవాళ్ల ముఖం చూస్తూ తిప్పాలి. భయపడితే నెమ్మదిగా, ముచ్చటపడితే చెరువు దగ్గర కాస్త ఆపి. భయమంటే ఏమిటో తెలిసినవాడు గనక అతని చేతిలో ఎవరికీ కడుపు తిప్పలేదు.

ఎనభై ఏడులో నరహరిని మళ్లీ ఆదోనికి బదిలీ చేశారు. యంత్రాన్ని ఊడదీయడానికి మహానంది ఒప్పుకోలేదు. అందుకని భార్యాభర్తలే ఆదివారం ఉదయం బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చేవారు. దారిలో సుశీల కిటికీ పక్కన కూర్చుని, ఈ చెరువు నిండింది, ఆ చేను ఈసారి వేరుశనగ వేసినారు, గుడ్డమీద మార్చాలి అని చెబుతుండేది. నరహరి శేషన్న కొత్తగా ఇచ్చిన పత్రికలు ఒళ్లో పెట్టుకుని, పాత విమానాల కథలు ఆమెకు చదివి వినిపించేవాడు.

కొట్టం దగ్గర తిమ్మక్క అప్పటికే నీళ్లు చల్లి, జనాన్ని వరసలో నిలబెట్టి ఉండేది. సుశీల కుర్చీ వెనక నిలబడి, ఎక్కినవాళ్ల భుజం మీద చెయ్యి వేసేది. నరహరి కళ్లద్దాలు సరిచేసుకుని, దుంగ పట్టుకుని, "తిప్పమంటారా?" అని అడిగేవాడు.